రీసెట్‌కు పదిహేను సెకన్ల ముందు

వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలు బాగా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి మేం ఒక డబ్బా చేసి పెట్టాం. ఛాంబర్‌లో ఉష్ణోగ్రత, తేమ ఎంతుందో చదివి ఎస్‌డీ కార్డులో రాసుకుంటుంది, సిమ్ ద్వారా పంపుతుంది, హద్దు దాటితే ఫోన్ మోగిస్తుంది. లోపల ఉన్నది ఐ.ఎంఎక్స్6 అల్ట్రాలైట్ చిప్, దాని మీద లినక్స్. ఒకటే కోర్. ఆదేశాలు నడిపే భాగం (కోర్) ఒకటే అన్న ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

కొన్ని డబ్బాలు అప్పుడప్పుడూ వాటంతట అవే రీస్టార్ట్ అయ్యేవి. కాసేపటికి లేచి మళ్లీ మామూలుగా పని చేసేవి. గ్రాఫ్‌లో చిన్న ఖాళీ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఒక స్టోరేజీ సూపర్‌వైజర్ మాత్రం ఖాళీ పడ్డ ప్రతిసారీ ఫోన్ చేసేవాడు. "సారూ, మీ డబ్బా మల్ల బందై షురూ అయింది. పరేషాన్ ఏం లేదు గదా?" పరేషాన్ ఉందో లేదో నాకే తెలియని పరిస్థితి.

అందరి వేలూ కరెంటు మీదకే పోయింది. అమ్మోనియా కంప్రెసర్ల మోటార్లు పెద్దవి, అవి స్టార్ట్ అయినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, డబ్బా ఆగిపోతుంది అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. ఒక చోట యూపీఎస్ కూడా పెట్టించారు. కానీ ఈ చిప్‌లో చివరి రీసెట్ ఎందుకు జరిగిందో చెప్పే రిజిస్టర్ (చిప్‌లోని చిన్న నిల్వ గడి) ఒకటి ఉంటుంది. కరెంటు పోయి వస్తే ఒక బిట్, వాచ్‌డాగ్ అనే టైమర్ గడువు దాటితే ఇంకో బిట్. ప్రతి బూట్‌లోనూ దాన్ని చదివి పంపేలా చేశాను. వచ్చినవన్నీ వాచ్‌డాగ్ బిట్లే. అంటే కరెంటుది తప్పు కాదు. లోపల ఏదో బిగుసుకుపోతోంది, వాచ్‌డాగ్ తన పని తాను చేస్తోంది.

వాచ్‌డాగ్ అంటే చిప్‌లోనే విడిగా నడిచే ఒక టైమర్. మన ప్రోగ్రాం గడువులోగా దాన్ని కిక్ చేస్తూ, అంటే బతికే ఉన్నానని చెప్తూ ఉండాలి. చేయకపోతే బోర్డును రీసెట్ చేసేస్తుంది. ఈ చిప్‌లో గడువు అర సెకను నుంచి 128 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ రీసెట్ అయ్యేదాకా ఆఫ్ చేయడం కుదరదు. మేం 60 సెకన్లు పెట్టాం. మనిషి పోయి చూడలేని చోట ఇది లేకుండా డబ్బా పెట్టకూడదు. కాకపోతే ఇది చేసేది పోస్ట్‌మార్టం కాకుండానే దహనం చేసేయడం లాంటిది. ఏ ప్రాసెస్ ఎక్కడ ఇరుక్కుందో తెలిసేలోపే మెమరీ అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

నాకు కావాల్సింది గడువుకు కాస్త ముందు ఒక హెచ్చరిక. దీన్నే ప్రీటైమౌట్ అంటారు. గడువు చివరి నుంచి వెనక్కి లెక్క. టైమౌట్ 60, ప్రీటైమౌట్ 15 అయితే, చివరి కిక్ తర్వాత 45వ సెకనులో ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతం) వస్తుంది. మిగిలిన 15 సెకన్లలో కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఏం రాసుకోవాలంటే అది రాసుకోవచ్చు. మా చిప్‌లో ఇందుకోసం వేరే రిజిస్టరే ఉంది. అంటే హార్డ్‌వేర్ సిద్ధంగానే ఉంది, సాఫ్ట్‌వేరే లేదు. మా బోర్డుతో వచ్చిన కెర్నల్ 4.1. లినక్స్ వాచ్‌డాగ్ కోర్‌లోకి (వాచ్‌డాగ్ డ్రైవర్లన్నింటికీ ఉమ్మడిగా ఉండే కోడ్) ప్రీటైమౌట్ వచ్చింది 2016లో, 4.9తో.

కొత్త కెర్నల్‌కు మారిపోదామని మొదట అనుకున్నాం. మోడెమ్ డ్రైవర్ పాతదానికే కట్టేసి ఉంది. దాన్ని మార్చాలంటే ఈ మిర్చి సీజన్ దాటి వచ్చే సీజన్ వస్తుంది. అందుకని 4.9లోని ఆ భాగాన్నే వెనక్కి తెచ్చి 4.1లో అతికించాను. మధ్యలో వాచ్‌డాగ్ కోర్ లోపలి అమరిక మారిపోయింది కాబట్టి ప్యాచ్‌లు నేరుగా పడలేదు, చేత్తో ఒక్కొక్కటీ సర్దాల్సి వచ్చింది. నిజానికి కోడ్ ఎక్కువ లేదు. ప్రీటైమౌట్ పెట్టడానికి, చదవడానికి రెండు ఐవోసీటీఎల్‌లు (ప్రోగ్రాం కెర్నల్‌ను అడిగే పిలుపులు), సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సంగతులు ఫైళ్లుగా కనిపించే చోటు) కొన్ని ఫైళ్లు, హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేయాలో నిర్ణయించే గవర్నర్లు. అంతే.

ఆ కోడ్ చదువుతున్నప్పుడు ఒకటి కంటపడింది. ప్రీటైమౌట్‌ను టైమౌట్‌కు సమానంగా గానీ ఎక్కువగా గానీ పెట్టబోతే కెర్నల్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. అదే, ముందు ప్రీటైమౌట్ పెట్టి తర్వాత టైమౌట్‌ను దానికంటే కిందకు దించితే మాత్రం ఏమీ అనదు. చప్పుడు చేయకుండా ప్రీటైమౌట్‌ను సున్నా చేసేస్తుంది. సున్నా అంటే హెచ్చరిక లేనట్టే. టైమౌట్ మార్చిన ప్రతిచోటా ప్రీటైమౌట్‌ను మళ్లీ చదివి చూడమని మా వాళ్లకు గట్టిగా చెప్పాను.

డ్రైవర్‌లో పని సులువు. ఆ రిజిస్టర్‌లో విలువ అర సెకన్ల లెక్కన రాయాలి, ఇంటరప్ట్ ఎనేబుల్ చేయాలి, వచ్చినప్పుడు స్టేటస్ బిట్ క్లియర్ చేసి కోర్‌కు కబురు చెప్పాలి. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైలు) ఇంటరప్ట్ లైన్ లేని బోర్డుల్లో ప్రీటైమౌట్ ఉందని డ్రైవర్ చెప్పుకోకూడదు. ముందు లాప్‌టాప్‌లో కొత్త కెర్నల్ మీద సాఫ్ట్‌డాగ్ అనే సాఫ్ట్‌వేర్ వాచ్‌డాగ్‌తో గవర్నర్లు ఎలా నడుస్తాయో చూసుకుని, తర్వాతే బోర్డు దగ్గరికి వచ్చాను. టెస్ట్ చేయడం కూడా తేలికే. కిక్ చేసే ప్రోగ్రాంకు స్టాప్ సిగ్నల్ పంపి, గడియారం చూస్తూ కూర్చోవడమే. సరిగ్గా 45 దగ్గర కన్సోల్ మీద లైను పడింది.

కెర్నల్‌తో వచ్చే గవర్నర్లు రెండు. నూప్ అనేది లాగ్‌లో ఒక లైను రాసి ఊరుకుంటుంది. ప్యానిక్ అనేది కెర్నల్‌ను అక్కడికక్కడే ప్యానిక్ చేస్తుంది, అంటే ఉన్న స్థితి రాసి ఆపేస్తుంది. నేను ప్యానిక్ ఎంచుకున్నాను. అసలు తలనొప్పి ఇక్కడ మొదలైంది. ప్యానిక్ చూపించే స్టాక్, అంటే ఏ ఫంక్షన్ల మీదుగా ఎక్కడికి వచ్చిందో చెప్పే జాబితా, ఎవరిది? ఇంటరప్ట్ వచ్చిన క్షణంలో సీపీయూ మీద నడుస్తున్న వాడిది. కిక్ చేసే ప్రోగ్రాం ఎక్కడో నిద్రలో ఇరుక్కుపోతే సీపీయూ ఖాళీగానే ఉంటుంది. దాంతో ప్రతిసారీ ఐడిల్ టాస్క్ స్టాకే, దాని మీద వాచ్‌డాగ్ ఇంటరప్ట్. అసలు ఇరుక్కున్నవాడు ఆ రిపోర్టులో ఎక్కడా లేడు.

అందుకని మూడో గవర్నర్ ఒకటి రాశాను. పేరు, ఒక ఫంక్షన్ ఇచ్చి రిజిస్టర్ చేయడమే కాబట్టి పెద్ద పని కాదు. ముందుగా డి స్టేట్‌లో, అంటే సిగ్నల్ పంపినా లేవని నిద్రలో ఉన్న ప్రాసెస్‌ల స్టాక్‌లన్నీ రాసి, ఆ తర్వాత ప్యానిక్ చేస్తుంది. సిస్‌రిక్యూలో (కెర్నల్‌కు నేరుగా ఆదేశమిచ్చే కీ) డబ్ల్యూ నొక్కితే వచ్చే జాబితానే ఇది. కొత్త కెర్నళ్లలో ప్యానిక్ ప్రింట్ అనే బూట్ పారామీటర్‌తో అన్ని టాస్కులనూ రాయించుకోవచ్చు. మాకు ఆ సదుపాయం లేదు, ఉన్నా అన్నీ నాకు వద్దు. లాగ్‌ను ర్యామ్‌లో దాచే ర్యామూప్స్‌లో ఒక్కో రికార్డుకు ఇంత అని సైజు ఉంటుంది. అంతకు మించితే చివరి భాగమే మిగులుతుంది. పనికిరాని స్టాక్‌లతో నింపితే కావాల్సినవి పైనుంచి జారిపోతాయి.

పదిహేను సెకన్లే ఎందుకని మా జూనియర్ అడిగాడు. సీరియల్ కన్సోల్ వేగం 115200. అంటే సెకనుకు సుమారు 11,500 అక్షరాలు. వంద ప్రాసెస్‌ల స్టాక్‌లు, ఒక్కోటి కిలోబైట్ వేసుకున్నా, తొమ్మిది సెకన్లు రాతకే పోతాయి. కొంచెం ఊపిరాడాలి కదా. హెచ్‌పీ ప్రొలయంట్ సర్వర్లలో ఇదే హెచ్చరిక 9 సెకన్ల ముందు వస్తుంది, కాకపోతే వాళ్ల యంత్రాలు వేరు. మా డబ్బాలో కన్సోల్ కేబుల్ పెట్టకపోయినా కెర్నల్ ఆ అక్షరాలను పంపుతూనే ఉంటుందని మరచిపోకూడదు.

ఇంత చేశాక రీబూట్ అయితే, ర్యామూప్స్ దాచినవి కనిపించే పీస్టోర్ ఫోల్డర్ ఖాళీ. ఒక్క ఫైలూ లేదు. హార్డ్‌వేర్ చూసే అన్న స్కీమాటిక్ తెరిచి ఒక్క మాటలో తేల్చేశాడు: "తమ్మీ, నీ రీసెట్ పిన్ను పవర్ చిప్‌కు పోతుంది. ర్యామ్‌కు కరెంటే తీసేస్తుంది. ఇంకేం మిగుల్తది?" బోర్డును అలా చేయడంలో అర్థం ఉంది. నిజంగా మొండికేసినప్పుడు ర్యామ్‌కు కూడా కరెంటు తీసి ఇవ్వడమే మంచిది. దాన్ని తీసేయమని నేను అడగలేదు. దారులు రెండు చేశాం. ప్యానిక్ తర్వాత ఒక సెకనుకే కెర్నల్ చిప్ లోపలి రీసెట్ వాడుకుంటుంది. అందులో పిన్ను కదలదు, ర్యామ్‌లో రాసింది నిలుస్తుంది. అది కూడా కుదరక అసలు గడువు దాటితే పిన్ను కదిలి బోర్డు మొత్తం ఆగి లేస్తుంది. బూట్ అవుతున్నప్పుడు ర్యామ్‌లో ఒకటీ అరా బిట్లు చెడినా చదవగలిగేలా ర్యామూప్స్‌లో ఈసీసీ కూడా ఆన్ చేశాం.

కొత్త ఇమేజ్ పెట్టిన డబ్బాల్లో ఒకటి చివరికి దొరికిపోయింది. స్టాక్ చూడగానే సంగతి తేలింది. కొలతలు తీసే ప్రోగ్రాం ఎస్‌డీ కార్డులో రాసి ఎఫ్‌సింక్ పిలిచింది, అంటే రాసింది కార్డులో నిజంగా పడేదాకా ఆగింది. కింద ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ జర్నల్ ఎదురుచూస్తోంది, దానికింద కార్డుకు పనులు పంపే ఎంఎంసీ క్యూ ఎదురుచూస్తోంది, కార్డు మాత్రం జవాబివ్వడం లేదు. కార్డులు నిండుతున్న కొద్దీ చిన్న చిన్న రాతలకు లోపల అవి చేసుకునే సర్దుబాటు ఎక్కువవుతుంది. కిక్ చేసేదీ అదే ప్రోగ్రాం, అదే థ్రెడ్. అది ఆగితే కిక్ కూడా ఆగిపోయింది. కెర్నల్‌కు ఏ రోగమూ లేదు, కంప్రెసర్‌కు అసలే లేదు.

రాతలను వేరే థ్రెడ్‌లోకి మార్చాం. కొలతలు ముందు మెమరీలో పేరుకుంటాయి, కార్డు ఒప్పుకున్నప్పుడు అందులోకి వెళ్తాయి. కార్డు ఆలస్యం చేస్తే రీసెట్ చేయం, సూపర్‌వైజర్‌కు మెసేజ్ పంపుతాం. సెన్సార్ నుంచి కొత్త కొలత వస్తున్నంత వరకే కిక్. ఊరికే ఒక టైమర్ పెట్టి కిక్ చేయడం నాకు ఇష్టం లేదు. అలా చేస్తే అసలు పని ఆగిపోయినా వాచ్‌డాగ్‌కు ఎప్పటికీ తెలియదు.

ఒక లోటు మాత్రం అలాగే ఉంది. ప్రీటైమౌట్ కూడా మామూలు ఇంటరప్టే. కెర్నల్‌లో ఎవరైనా ఇంటరప్టులు ఆపేసి లూప్‌లో తిరిగితే, ఆ హెచ్చరిక తలుపు దగ్గరే ఆగిపోతుంది. అలాంటి మాడ్యూల్ ఒకటి రాసి చూశాను. 45 దాటింది, ఏమీ లేదు. 60కి బోర్డు మొత్తం రీసెట్. ఇంకో కోర్ ఉంటే అదైనా అందుకునేది, మాకు ఒకటే కోర్. ఎన్‌ఎంఐ (ఎవరూ ఆపలేని ఇంటరప్ట్) ఉన్న యంత్రాలకు ఈ బాధ లేదు. 64 బిట్ ఆర్మ్‌లో కూడా 2019 నుంచి, 5.1 కెర్నల్‌తో, ఎన్‌ఎంఐ లాంటి ఏర్పాటు ఉంది, అది మా చిప్‌కు వర్తించదు. ఈ చిప్‌లో ఉన్న దారి ఎఫ్‌ఐక్యూ (ఆర్మ్‌లో మామూలు ఇంటరప్ట్‌కు విడిగా ఉండే ఇంకో ఇంటరప్ట్) ఒకటే, దాని మీద ఇప్పుడు కూర్చున్నాను. అప్పటిదాకా వాచ్‌డాగ్ బిట్ ఉండి పీస్టోర్‌లో ఫైలు లేని రీసెట్‌లను సర్వర్‌లో వేరే రంగుతో చూపిస్తున్నాం. అలాంటివి ఇంకా అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తున్నాయి.