వరండా చివరి గోడ మీద ఏడుకొండలు

మన తిరుపతి బడి పాత విద్యార్థులం మళ్లీ కలిసే రోజుకు వేస్తున్న సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ తరఫున పెన్సిలు ఫోన్ చేసింది (అందరికీ బడిలో పెట్టుకున్న పేర్లే వాడుతున్నాను). ఏం రాయను అంటే, "నీకింకేముంది, ఉన్ని సంగతే రాయి" అంది. అదే రాస్తున్నాను. గొట్టం సార్ బెత్తం గురించి, లీలామహల్ దాకా పెట్టిన పరుగు గురించి రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లకే వదిలేస్తున్నాను. ఎనిమిదో తరగతి నాకు ఒక్క ముక్క గుర్తులేదు. పదో తరగతి ట్యూషన్లలో కొట్టుకుపోయింది. బడి అనగానే నాకు మనసులో మెదిలేది 1987, తొమ్మిది బి సెక్షన్, క్రాఫ్ట్ పీరియడ్.

మన టీచరమ్మ వాళ్లాయన మిలిటరీలో ఉన్నన్నాళ్లు శ్రీనగర్‌లో కాపురం చేసి వచ్చారు కదా. ఉన్నిని నేయకుండానే గుడ్డ చేసే నమ్దా పని అక్కడే నేర్చుకున్నారు. దానికి మగ్గం అక్కర్లేదు, నూలు వడకనక్కర్లేదు, పడుగూ పేకా లేవు. ఏకిన ఉన్నిని పొరలుగా పరిచి, సబ్బునీళ్లతో తడిపి, చాపలో చుట్టి దొర్లిస్తే అదే బిగుసుకుని దట్టమైన గుడ్డవుతుంది. కశ్మీరు వాళ్లు దాని మీద ఆరీ కుట్టుతో పూలు, తీగెలు వేస్తారు. మన టీచర్‌కు కుట్టు మీద అంత మనసు లేదు. రంగు ఉన్నినే బొమ్మగా పరిచి, దాన్ని గోడకు వేలాడదీయాలని ఆమె పట్టుదల. తిరుపతి ఎండల్లో ఉన్నితో ఏం పనమ్మా అని స్టాఫ్‌రూంలో ఎవరో అంటే, "గోడకు చెమట పడుతుందా సార్?" అని అడిగారట.

ఏడుకొండలు చేయాలని నిర్ణయం అయింది. బెంచీకో కొండ. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. అటెండెన్స్‌లో మన పేర్లు ఏవైనా, ఆ ఏడాదంతా మనం ఆ పేర్లతోనే బతికాం.

ఉన్ని దొరకడమే పెద్ద గండం. నీలాద్రి వాళ్లు రేణిగుంట వైపు మందల దగ్గర అడిగి గోనెసంచీ నిండా తెచ్చారు. తీరా చూస్తే అవి నెల్లూరు జాతి గొర్రెలు. వాటి ఒంటి మీద ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. ఎంత రుద్దినా అతకలేదు. ఆ తర్వాత పుల్లయిసు వాళ్ల మామ పలమనేరు అవతల, కర్ణాటక సరిహద్దులో ఉండే ఒక కురుబ పెద్దాయన దగ్గర నల్ల ఉన్ని ఇప్పించాడు. కంబళ్లు నేసే దక్కనీ గొర్రెల ఉన్ని. ముతక, అరచేతికి గుచ్చుకునేది, ఎన్నిసార్లు కడిగినా గొర్రెవాసన పోనిది. టీచర్ బికనేరు నుంచి మెత్తటి తెల్ల ఉన్ని తెప్పించి అందులో కలిపారు. అప్పుడు ముతకది కూడా పట్టు దొరికించుకుంది.

అసలు ఉన్ని ఎందుకు పట్టుకుంటుందో సైన్సు చెప్పే హెడ్‌లైట్ సార్ చూపించారు. ఒక్క ఉన్ని పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పొడుగ్గా పెట్టి రుద్దమన్నారు. వేళ్లు ముందుకూ వెనక్కూ ఎలా ఆడించినా పోగు మాత్రం ఒకే దిక్కుకు, మొదలు వైపుకే జరిగిపోయింది. దాని మీద చేపకున్నట్టు పొలుసులుంటాయనీ, అన్నీ కొసవైపు తిరిగి ఉంటాయనీ, వేడికీ సబ్బుకూ అవి లేచి, కదిపేకొద్దీ పోగులు ఒకదాంట్లోకి ఒకటి చొరబడతాయనీ చెప్పారు. ఒకసారి బిగుసుకున్నాక విడదీయడం ఎవరి తరమూ కాదు. సైన్సులో నాకు నిజంగా అర్థమైన మొదటి పాఠం అదే.

రంగులకు శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల దినుసులే తీసుకున్నాం. పటిక పట్టించిన ఉన్నికి దానిమ్మ తొక్కలతో పసుపు, మంజిష్ఠతో ఎరుపు, నీలిమందుతో నీలం. పసుపు మీద నీలిమందు వేస్తే అడవి ఆకుపచ్చ. కొండలకు మాత్రం ఏ రంగూ వద్దన్నారు టీచర్, గొర్రె ఇచ్చిన నలుపే చాలన్నారు. రంగునీళ్లు సలసలా మరగనివ్వకూడదు, గరిటెతో గట్టిగా కలపకూడదు, అలా చేస్తే ఉన్ని కుండలోనే ముద్దకడుతుంది. ఇప్పటికీ స్టవ్ ముందు నిలబడినప్పుడు "మెల్లిగా, మెల్లిగా" అని ఆమె గొంతు నా వెనకే ఉంటుంది.

ఇక ఆ శనివారం. వరండాలో ఈతచాపల మీద తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు పరిచాం. ఒక పొర నిలువుగా, దాని మీద పొర అడ్డంగా, మళ్లీ నిలువుగా. పలచగా, ఎక్కడా కింది చాప కనబడకుండా. పైన దోమతెర కప్పి, బట్టల సబ్బు తురుము కలిపిన వేడినీళ్లు చిలకరించి, ముందు అరచేతులతో అదిమాం. తర్వాత చాపతో సహా వెదురుగడకు చుట్టి, తాళ్లు బిగించి దొర్లించడం. అడుగు కలవడానికి ఎవరు మొదలుపెట్టారో కానీ "గోవిందా" అంటే ముందుకు, "గోవింద" అంటే వెనక్కు. అంజనాద్రి వాళ్ల గొంతు అవతలి వీధి దాకా వినబడింది. చాప విప్పి, ఇంకోవైపు నుంచి చుట్టి, మళ్లీ దొర్లించి, మధ్యాహ్నం దాటిపోయింది. టీచర్ మధ్యమధ్యలో వచ్చి ఒక మూల గిల్లి పైకి లాగేవారు. పోగులు విడిగా లేస్తే "ఇంకా" అనేవారు. గుడ్డంతా కలిసి లేచినప్పుడు "పట్టింది" అన్నారు. తొమ్మిదడుగులది ఆరడుగులకు, ఆరడుగులది నాలుగడుగులకు వచ్చేసింది. సబ్బు విరగడానికి ఆఖరి నీళ్లలో పిండిన నిమ్మకాయలు ఎవరి చెట్టువో మీకందరికీ తెలుసు.

వార్షికోత్సవం ప్రదర్శనకు వచ్చిన పెద్దలకు దీన్ని నేత కింద లెక్కేయాలో, కుట్టు కింద లెక్కేయాలో తెలియలేదు. "ఇతరములు" అని రాసిన బల్ల మీద పరిచేయమన్నారు. అంత కోపంగా టీచర్‌ను నేను మళ్లీ చూడలేదు. "పడుకోబెడితే ఇది చాప. నిలబెడితేనే కొండ" అని దాన్ని మడవకుండా చుట్టుకుని వరండా చివరికి నడిచారు. తూర్పు వెలుతురు పక్కవాటుగా పడే గోడ అది. వెనక కుట్టిన గుడ్డ గొట్టంలో కర్ర దూర్చి, రెండు చివర్లా తాళ్లు కట్టి, గోడకు వేలెడు ఎడంగా వేలాడదీయించారు. ఎదురుగా లైటు పడితే ఉన్ని చదునుగా ఉంటుంది. పక్క నుంచి పడ్డ ఆ ఎండలో పొరల ఎత్తుపల్లాలన్నిటికీ నీడలు లేచి, ఏడుకొండలూ గోడలోంచి ముందుకు వచ్చాయి. బహుమతి రాలేదు. ఊరి జనం మాత్రం ఆ వరండా వదల్లేదు.

తర్వాత డిగ్రీ, బ్యాంకు ఉద్యోగం, పెళ్లి, బదిలీలు. తిరుపతికి తిరిగొచ్చాక మిద్దె మీద రేకుల షెడ్డు వేయించి మళ్లీ చాప పరిచాను. ఇప్పుడు మా వీధి ఆడవాళ్లు నలుగురు నాతోపాటు పనిచేస్తున్నారు, నెల తిరిగేసరికి వాళ్ల చేతిలో జీతం పడుతుంది. తిరుచానూరు రోడ్డు శిల్పారామంలో స్టాల్ పెట్టాం. హైదరాబాదులో ఒక ఆస్పత్రి హాల్లో మా తలకోన జలపాతం ఉంది, పన్నెండడుగుల ఎత్తు. దానికి వెనక కర్ర ఒక్కటే చాలదు, మధ్యలో జారకుండా అడ్డపట్టీలు కూడా కుట్టాం. పురుగు పట్టకుండా వేపాకు, కర్పూరం మూటలు కడతాం, వానాకాలం పోయాక ఒకసారి నీడలో ఆరేయమని రాసిస్తాం. ఊలు అని బజార్లో అమ్మే యాక్రిలిక్‌తో ఇది చేయబోయి ఫోన్ చేసేవాళ్లుంటారు. దానికి పొలుసులుండవు, ఎంత దొర్లించినా అతకదు. వాళ్లకు హెడ్‌లైట్ సార్ పాఠమే అప్పజెబుతాను.

టీచర్ పోయే ముందు ఏడాది మా షెడ్డుకు వచ్చారు. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి, గోడకున్న గంగమ్మ జాతర వేషాలను చాలాసేపు చూశారు. పొగడలేదు. ఒక మూల గిల్లి లాగి, "పట్టింది" అన్నారు. నా ఉద్యోగంలో వచ్చిన ప్రమోషన్లన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు.

బడికి కొత్త భవనం కట్టినప్పుడు మన ఏడుకొండలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. అందుకే కలిసే రోజున మళ్లీ పరుద్దామని కమిటీని అడిగాను, సరేనన్నారు. పలమనేరు వైపు నుంచి నల్ల ఉన్ని ఇప్పటికే వచ్చింది, ఏకించి పెట్టాను. ఎవరి బెంచీ కొండ వాళ్లే పరచాలి. గరుడాద్రిలో ఇద్దరు మన మధ్య లేరు, వాళ్ల వాటా మిగతా బెంచీలు తలా పిడికెడు వేయాలి. చాపలు, దోమతెర, సబ్బు నావి. పుల్లయిసూ, గడ ఎడమ చివర నువ్వే పట్టుకోవాలి. పొద్దున ఎనిమిదికల్లా వచ్చేయండి, లేకపోతే సాయంత్రానికి గోడకెక్కదు. నిమ్మకాయలు ఈసారి నేనే కొనుక్కొస్తాను.