మ్యాట్రిక్స్ స్విచ్చర్: ఒక ఫిర్యాదులో రెండు జబ్బులు

"టచ్ ప్యానెల్ నొక్కితే ప్రొజెక్టర్ మీద బొమ్మ రావడం లేదండీ." ఫిర్యాదు ఇంతే. మీటింగ్ హాల్లో పాత స్విచ్చర్ పోతే కొత్తది పెట్టారు, అప్పటి నుంచీ ఇదే గోల. నాలుగు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ మ్యాట్రిక్స్ అది, అంటే ఏ సోర్స్‌నైనా (ల్యాప్‌టాప్ లాంటి బొమ్మ పంపే పరికరాన్ని) ఏ తెరకైనా కలిపే పెట్టె. దానికి రెండు 4కే టీవీలు, 1080పీ ప్రొజెక్టర్, ఒక ఆడియో రిసీవర్ తగిలించారు.

ఇలాంటి చోట నేను ముందు ప్యానెల్‌ని పక్కన పెట్టి, స్విచ్చర్ ముందున్న బటన్లే నొక్కి చూస్తాను. నొక్కితే టీవీల్లో సోర్స్ మారింది కానీ ప్రొజెక్టర్ మాత్రం నల్లగానే ఉంది. ప్యానెల్ మీద నొక్కితే టీవీలు కూడా కదల్లేదు. అంటే సిగ్నల్‌కి ఒక జబ్బు, కంట్రోల్‌కి ఇంకొకటి. రెండూ కలిపి వెతికి ఉంటే రోజంతా కేబుళ్లు మార్చుకుంటూ కూర్చునేవాణ్ణి.

సిగ్నల్ సంగతి చూద్దామని ల్యాప్‌టాప్‌ని నేరుగా ప్రొజెక్టర్‌కి పెట్టాను, బొమ్మ వచ్చింది. స్విచ్చర్ మీదుగా పంపితే రాలేదు. ల్యాప్‌టాప్‌ని చేత్తో 1080పీకి దించగానే మళ్లీ వచ్చింది. ఇక అనుమానం ఈడీఐడీ మీదే. తెర తనకి ఏ రిజల్యూషన్, ఏ ఆడియో చేతనవునో సోర్స్‌కి చెప్పుకునే పరిచయ పత్రం లాంటిది అది. స్విచ్చర్ మధ్యలో ఉంటే ఆ పత్రం ఇచ్చేది స్విచ్చరే. ఇది ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో ఒకటో అవుట్‌పుట్‌ది కాపీ కొట్టి అందరికీ అదే చూపిస్తోంది. అక్కడున్నది 4కే టీవీ. దాంతో సోర్స్ 4కే60 (సెకనుకి 60 ఫ్రేముల 4కే) పంపుతోంది, ప్రొజెక్టర్ అది తీసుకోలేక తెల్లమొహం వేస్తోంది. రిసీవర్‌కి 5.1 సరౌండ్ సౌండ్ బదులు ఉత్త స్టీరియో రావడానికీ ఇదే కారణం, టీవీ చెప్పింది అంతే మరి.

నన్నడిగితే మీటింగ్ హాలుకి 1080పీ, స్టీరియో దండిగా సరిపోతాయి. పూర్తి రంగుతో 4కే60కి సెకనుకి 18 గిగాబిట్లు కావాలి, పొడుగు కేబుళ్ల మీద ఆ టెన్షన్ ఎందుకు? "4కే టీవీలు కొన్నది ఇందుకా?" అన్నారు వాళ్లు. సరే, ప్రొజెక్టర్ అవుట్‌పుట్‌కి డౌన్‌స్కేలింగ్ (4కేని 1080పీకి తగ్గించడం) పెట్టాను, ఆడియో స్టీరియోగానే వదిలేశాను. ల్యాప్‌టాప్ దారికొచ్చినా, స్ట్రీమింగ్ బాక్స్ నుంచి మాత్రం ప్రొజెక్టర్‌కి ఇంకా నలుపే. ఒక సోర్స్ ఆడి ఇంకొకటి ఆడకపోతే హెచ్‌డీసీపీని, అంటే కాపీ కొట్టకుండా బొమ్మకి వేసే తాళాన్ని, అడగాలి. బాక్స్ దాని 2.2 వెర్షన్ కోరుతోంది, ప్రొజెక్టర్‌కి 1.4 వరకే వచ్చు. ఆ ఒక్క ఇన్‌పుట్‌ని 1.4కి దించితే బాక్స్ తనంతట తనే 1080పీకి దిగింది.

కంట్రోల్ వైపు ఆర్‌ఎస్-232 వైరు, ప్యానెల్ నుంచి స్విచ్చర్‌కి కమాండ్లు మోసే పాతకాలపు సీరియల్ వైరు. ప్యానెల్ వైపు నుంచి దాన్ని ఊడదీసి, యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్‌తో నా ల్యాప్‌టాప్‌కి కలిపాను. స్విచ్చర్ వైపు చివర 2, 3 పిన్నులు కలిపితే టైప్ చేసిందంతా తెర మీదికి తిరిగొచ్చింది. వైరు బాగానే ఉంది. మళ్లీ స్విచ్చర్‌కి తగిలించి కమాండ్ పంపితే పిచ్చి అక్షరాలు వచ్చాయి. అలా వచ్చాయంటే బాడ్ రేట్ (రెండు వైపులా మాట్లాడుకునే వేగం) కలవలేదని దాదాపు ఖాయం. కొత్త పెట్టె 115200లో ఉంది, ప్యానెల్ 9600లో ఉంది. స్విచ్చర్‌ని 9600కి మార్చాక నా ల్యాప్‌టాప్ మాట వింది, ప్యానెల్ మాట వినలేదు!

ప్యానెల్ పంపేది హెక్స్‌లో, అంటే ఒక్కో బైట్‌ని రెండేసి గుర్తుల కోడ్‌గా, చూస్తే అసలు దొంగ దొరికాడు. కమాండ్ చివర ఎంటర్‌కి సమానమైన 0డీ అనే ఒక్క బైట్ ఉండాలి. అక్కడ 5సీ, 72 అని రెండు ఉన్నాయి. మాన్యువల్‌లో ఎంటర్‌కి గుర్తుగా వేసిన బ్యాక్‌స్లాష్, ఆర్ అక్షరాన్ని ఎవరో ఉన్నదున్నట్టు టైప్ చేసేశారు. ప్యానెల్ ప్రోగ్రామ్ దాన్ని ఎంటర్‌గా మార్చుకునే రకం కాదు. స్విచ్చర్ మాత్రం కమాండ్ ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూస్తూనే ఉంది. ప్రతి బటన్‌లోనూ దాన్ని సరిచేశాను. వెంటవెంటనే రెండు కమాండ్లు వెళ్తే రెండోది మింగేస్తోందని వాటి మధ్య అర సెకను విరామం కూడా పెట్టాను.

సోర్స్ మార్చినప్పుడు తెర కాసేపు నల్లబడుతోందని తర్వాత ఫోన్ వచ్చింది. హెచ్‌డీసీపీ ప్రతిసారీ మళ్లీ తాళాలు సరిచూసుకోవాలి కాబట్టి ఆ మాత్రం ఆలస్యం తప్పదని చెప్పి, దాని జోలికి పోలేదు.