ఐదు మ్యాచులు, 33 పరుగులు

2004 మార్చి 25, గురువారం

ఈ రోజు చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. నాకంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళు నలుగురు ఉండటంతో ఎవరూ ఏమీ అనలేదు. అందరి కళ్ళూ ఒకే తీరుగా ఎర్రబడి ఉన్నాయి. నిన్న రాత్రి లాహోర్‌లో పాకిస్తాన్‌ను 40 పరుగుల తేడాతో ఓడించి, ఐదు వన్డేల సిరీస్‌ను మనవాళ్ళు 3-2తో గెలుచుకున్నాక కూడా, బహుమతుల కార్యక్రమం పూర్తయ్యేదాకా ఎవరూ టీవీ కట్టలేదన్నమాట. ఈ నెల 13 నుంచి నిన్నటి దాకా నా రోజులన్నీ మ్యాచ్ ఉన్న రోజు, మ్యాచ్ కోసం ఎదురుచూసే రోజు అని రెండు రకాలుగానే నడిచాయి. ఇవాళ్టిది ఆ రెండింటిలో దేనిలోనూ చేరదు.

మార్చి నెలాఖరు కాబట్టి ఖాతాలు ముగించే పని బల్ల నిండా పేరుకుపోయి ఉంది. మధ్యాహ్నం ఒక పద్దు ఎంతకీ కలవక విసుగుపుట్టి, పాడైపోయిన వోచరు ఒకటి తిప్పి దాని వెనుక ఈ సిరీస్ స్కోర్లు రెండు వరుసలుగా వేశాను. ఎడమ వైపు మనవి: 349, 317, 244, 294, 293. కుడి వైపు వాళ్ళవి: 344, 329, 247, 293, 251. కూడి చూస్తే మనకు 1497, వాళ్ళకు 1464 వచ్చాయి. ఐదు మ్యాచులు ఆడి, రెండు జట్లూ కలిసి దాదాపు మూడు వేల పరుగులు చేసిన తర్వాత, మిగిలిన తేడా 33. నమ్మకం కుదరక మళ్ళీ కూడాను. అంతే వచ్చింది. పొద్దుటి నుంచీ నేను వేసిన కూడికల్లో రెండుసార్లు ఒకే జవాబు వచ్చింది ఇదొక్కటే.

అంతకంటే ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి ఉంది. నిన్నటి మ్యాచ్‌ను పక్కన పెట్టి మొదటి నాలుగే కూడితే మనవి 1204, వాళ్ళవి 1213. సిరీస్ 2-2తో సమంగా ఉన్న ఆ ఘడియలో, పరుగుల్లో పాకిస్తాన్ మనకంటే తొమ్మిది ముందుంది. పక్క సీటులోని కుర్రవాడికి చూపిస్తే, "అయితే సార్, మీ లెక్క ప్రకారం అప్పటికి మనం ఓడిపోయినట్టేగా?" అన్నాడు. లెక్క అంతవరకే చెబుతుందనీ, ఆదివారం నాటి నాలుగో మ్యాచ్‌లో మనం ఇంకా ఐదు వికెట్లు, ఐదు ఓవర్లు చేతిలో ఉండగానే 294 దగ్గర ఆపేశామనీ, లక్ష్యం అందుకున్నాక ఎవరూ అదనంగా పరుగులు తీయరనీ చెప్పాను. అతను ఒప్పుకున్నాడు గాని, ఆ 9 అంకె మాత్రం నన్ను సాయంత్రం దాకా వదల్లేదు.

కరాచీలో జరిగిన మొదటి మ్యాచ్‌ను ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరడం లేదు. సెహ్వాగ్ 79, ద్రవిడ్ 99 చేయగా మనం 349 చేరినప్పుడు, ఇక మ్యాచ్ అయిపోయినట్టేనని నేను ధీమాగా లేచి స్నానానికి వెళ్ళాను. పాకిస్తాన్ నాయకుడు ఇంజమామ్ వచ్చి 122 పరుగులు చేసి నా ధీమాను మట్టిలో కలిపాడు. అంత పెద్ద మనిషి అంత మెత్తగా బంతిని తోస్తుంటే, ఓడిపోతామన్న భయం ఒక పక్కన, ఇంకాసేపు ఆడితే బాగుండునన్న దురాశ ఒక పక్కన నన్ను లాగాయి. జహీర్ బౌలింగ్‌లో షోయబ్ మాలిక్ లేపిన బంతి కోసం కైఫ్ ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి, ఎదురుగా వస్తున్న బదానీని గుద్దుకోబోయి కూడా క్యాచ్‌ను వదలకుండా పట్టినప్పుడు, మా ఇంట్లో కాసేపు ఎవరి నోటా మాట రాలేదు.

చివరి ఓవర్‌లో వాళ్ళకు తొమ్మిది పరుగులు కావాలి. నెహ్రా చేతికి బంతి వచ్చేసరికి నాన్నగారు లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. ఇది కొత్త అలవాటు కాదు. 1986లో షార్జాలో చివరి బంతికి నాలుగు పరుగులు కావలసి ఉండగా చేతన్ శర్మను జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టిన నాటి నుంచీ, పాకిస్తాన్‌తో ఆట చివరి ఓవర్‌కు వచ్చిందంటే ఆయన టీవీ ఎదుట కూర్చోరు. పద్దెనిమిదేళ్ళ తర్వాత అదే మియాందాద్ పాకిస్తాన్ కోచ్‌గా పెవిలియన్‌లో ఉన్నాడు. చివరి బంతికి ఆరు పరుగులు కావాలి. బ్యాట్ పట్టుకుని మొయిన్ ఖాన్ నిలబడ్డాడు. నెహ్రా వేసింది ఫుల్‌టాస్. చూసేవాళ్ళ గుండె ఆగడానికి అది చాలు. మొయిన్ లేపిన బంతి జహీర్ చేతిలో పడింది. ఐదు పరుగులతో గెలిచాం. రెండు జట్లూ కలిపి 693 పరుగులు చేయడం వన్డేల్లో అప్పటిదాకా ఎప్పుడూ జరగలేదట. నేను అరిచిన అరుపు విని కూడా నాన్నగారు లోపలికి రాలేదు, కిటికీ దగ్గరకు వచ్చి, "అయిపోయిందా?" అని మాత్రం అడిగారు. ఎవరు గెలిచారని అడగలేదు. నా అరుపులోనే తెలిసి ఉంటుంది.

ఓడిపోయి కూడా కరాచీ ప్రేక్షకులు లేచి నిలబడి మనవాళ్ళకు చప్పట్లు కొట్టడాన్ని ఇక్కడ రాసి ఉంచుకోవాలి. పద్నాలుగేళ్ళ తర్వాత పూర్తి స్థాయి పర్యటనకు వెళ్తున్న జట్టుతో, ఆటనే కాదు, మనసులనూ గెలిచి రమ్మని ప్రధాని వాజ్‌పేయి అన్నప్పుడు, పెద్దవాళ్ళు అలాంటివి అంటూనే ఉంటారులే అనుకున్నాను. ఆ చప్పట్లు చూశాక నా ఎకసెక్కాన్ని వెనక్కు తీసుకున్నాను.

రావల్పిండిలో జరిగిన రెండో మ్యాచ్ గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. అఫ్రిది, యాసిర్ హమీద్ మొదటి నుంచే బాది 329కి దారి వేస్తే, సచిన్ 141 చేసి కూడా మనల్ని గట్టెక్కించలేకపోయాడు. 12 పరుగుల దూరంలో ఆగిపోయాం. పెషావర్‌లో జరిగిన మూడోది ఇంకా నయం, అక్కడ ఆశ పెట్టుకునే వ్యవధి కూడా మనకు ఇవ్వలేదు. షబ్బీర్ అహ్మద్ కొత్త బంతితో పైవరుసను కూల్చాడు, సచిన్ సున్నాకే వెళ్ళిపోయాడు, యువరాజ్ పుణ్యమా అని ఎలాగో 244 చేశాం. దాన్ని అబ్దుల్ రజాక్ నింపాదిగా పూర్తి చేసి వెళ్ళాడు.

నాలుగో మ్యాచ్ సరిగ్గా ఉగాది నాడు వచ్చింది. ఇంజమామ్ మళ్ళీ శతకం కొట్టి, ఈసారి 123, మన ముందు 294 లక్ష్యం పెట్టాడు. మనం 162కి ఐదు వికెట్లు పోగొట్టుకున్నప్పుడు, ఈ తారణ నామ సంవత్సరంలో మన జట్టుకు ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని నాన్నగారు తేల్చేశారు. అక్కడి నుంచి ద్రవిడ్, కైఫ్ ఇద్దరూ విడిపోకుండా 132 పరుగులు జోడించి మ్యాచ్‌ను ముగించారు. అందులో నోరెళ్ళబెట్టి చూడవలసిన షాట్లు తక్కువ. సందు చూసి బంతిని తోయడం, ఒకటి అనుకున్న చోట రెండు పరుగెత్తడం, వీలు దొరికినప్పుడు ఒక ఫోర్, మళ్ళీ పరుగెత్తడం. పొద్దంతా వికెట్ల వెనుక వంగి లేచిన ద్రవిడ్, అదే ఒంటితో 76 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. నా వరకు ఈ సిరీస్ గెలిచింది నిన్న కాదు, ఆ రాత్రే.

సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఇంకొక సంగతి తోచింది. ఈ సిరీస్ మొత్తంలో నాలుగు శతకాలు వచ్చాయి: ఇంజమామ్‌వి రెండు, సచిన్‌ది ఒకటి, లక్ష్మణ్‌ది ఒకటి. అందులో మొదటి మూడూ ఓడిపోయిన మ్యాచుల్లోనివే. శతకం కొట్టినవాడి జట్టు గెలవడానికి ఐదో మ్యాచ్ దాకా ఆగవలసి వచ్చింది, అదీ మన హైదరాబాదీ చేతి మీదుగా. పోయిన ఏడు ప్రపంచ కప్పు జట్టులో లక్ష్మణ్‌కు చోటు ఇవ్వనప్పుడు, వికెట్ల మధ్య పరుగు నెమ్మది, వన్డేలకు పనికిరాడు అని పెద్ద పెద్దవాళ్ళే తీర్మానించారు. జనవరిలో ఆస్ట్రేలియాలో జరిగిన ముక్కోణపు సిరీస్‌లో మూడు శతకాలు చేస్తే కాస్త తగ్గారు. ఇక్కడ మొదటి మ్యాచుల్లో అతని బ్యాట్ పలకకపోయేసరికి మళ్ళీ అదే పాట ఎత్తుకున్నారు. నిన్న 107 చేశాడు. ఆఫ్ స్టంప్ బయట పడిన బంతిని మణికట్టు చిన్నగా తిప్పి లెగ్ వైపు పంపే ఆ షాట్‌ను నేను వర్ణించబోను. చూసినవాళ్ళకు అక్కర్లేదు, చూడనివాళ్ళకు చెప్పినా అందదు. మనవాడన్న పక్షపాతం ఇందులో కొంత ఉందని ఒప్పుకుంటాను. కొంతే.

నిన్నటి మ్యాచ్‌లో నాకు మిగిలిన బాధ ఒక్కటే. ఇర్ఫాన్ పఠాన్ మొదట్లోనే వాళ్ళ వికెట్లు తీసినా, ఇంజమామ్ ఉన్నంతసేపూ ఎవరికీ ధైర్యం లేదు. సరిగ్గా ఆ సమయంలో నాన్నగారికి మాత్ర ఇవ్వడానికి లోపలికి వెళ్ళాను. నీళ్ళ గ్లాసు చేతిలో ఉండగా ముందు గదిలో కేక వినిపించింది. మురళీ కార్తీక్ బంతిని ఇంజమామ్ లాంగాన్ మీదుగా లేపితే, సచిన్ వెనక్కి వెనక్కి అడుగులు వేసి, తాడు దగ్గర తమాయించుకుని పట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు రీప్లే చూపించినా, జరిగేటప్పుడు చూడకపోవడం చూడకపోవడమే. "నా మాత్ర ఎక్కడికి పోతుందిరా, ఓ నిమిషం ఆగి రాకపోయావా?" అన్నారు నాన్నగారు. చివర్లో మాలిక్, మొయిన్ కాసేపు కంగారు పెట్టారు గాని అవి వడ్డీకి కూడా చాలని పరుగులు. సిరీస్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిన జట్టు నాయకుడు ఇంజమామ్‌కు ఇవ్వడం న్యాయంగా ఉంది. అతను లేకపోతే 3-2 అన్న అంకె ఉండేది కాదు.

రాత్రి వోచరు కాగితం చూసి మా ఆవిడ, "ఏమండీ, ఈ ముప్పై మూడింటి కోసమా ఇన్ని రోజులు పిలిస్తే పలక్కుండా కూర్చున్నారు?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కాగితం మడిచి ఈ పేజీలో పెట్టాను. కలవని పద్దు ఇంకా కలవలేదు, రేపు చూడాలి. ఆదివారం ముల్తాన్‌లో మొదటి టెస్టు మొదలవుతుంది. కరాచీ తర్వాత సెహ్వాగ్ ఒక్క మ్యాచ్‌లోనూ సరిగ్గా ఆడలేదు, అదే గుబులుగా ఉంది. కనీసం ఒక్క పూట నిలబడితే చాలు.