పడుకున్న మనిషికి 906

ఈ రోజు కూడా అమ్మ కంచంలో సగం అలాగే వదిలేసింది. కాలి ఎముక విరిగి మంచం పట్టి ఇరవై రోజులైంది. ఎప్పుడు బతిమాలినా ఒకటే మాట: "పొద్దస్తమానం పడుకునే ఉంటున్నానుగా, నాకు తిండి ఎందుకే?" ఒళ్లు వంచినవాళ్లకే ముద్ద అన్న నమ్మకంతోనే ఆమె ఇన్నేళ్లూ బతికింది. ఆ మాట వింటే నాకు కోపం కన్నా భయమే ఎక్కువ వేస్తుంది.

మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే పక్కనే కూర్చుని, మందుల చీటీ వెనక పెన్సిలుతో లెక్క వేశాను. కదలకుండా పడుకున్నా ఒంటికి రోజుకు ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయో అంచనా వేసే సూత్రం అది, 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలపాలి. వయసును 5తో గుణించి అందులోంచి తీసేయాలి. చివర్లో ఆడవాళ్లకు 161 తగ్గించాలి, మగవాళ్లకు 5 కలపాలి. అమ్మ బరువు 50 కిలోలు, ఎత్తు 150 సెంటీమీటర్లు, వయసు 74. 500, 937.5 కలిపి, 370, 161 తీసేస్తే 906.5 తేలింది.

వేలు కూడా కదపకుండా రోజుకు 906 క్యాలరీలు! నమ్మలేక మళ్లీ కూడి చూశాను. పాత 40 వాట్ల బల్బు రోజంతా వెలిగితే అయ్యే ఖర్చు కన్నా కాస్త ఎక్కువే. తలెత్తి అమ్మను చూశాను. ఛాతీ మీద దుప్పటి నెమ్మదిగా లేచి పడుతోంది. మెడ పక్కన నాడి సన్నగా కొట్టుకుంటోంది. శరీర బరువులో రెండు శాతమే ఉండే మెదడు ఈ ఖర్చులో ఐదో వంతు తీసుకుంటుంది, కాలేయానిదీ ఇంచుమించు అంతే వాటా. గుండె, మూత్రపిండాలు సరేసరి. ఖాళీగా ఉన్నానని ఎలా అంటుంది?

ఇది అంచనాయే. కచ్చితంగా తెలియాలంటే పరగడుపున, మెలకువగా, కదలకుండా పడుకోబెట్టి, ఒంటికి పట్టే ఆక్సిజన్‌ను కొలవాలి. పైగా ఆ సూత్రాన్ని 498 మంది ఆరోగ్యవంతులను కొలిచి కట్టారు. విరిగిన ఎముక అతుక్కోవడానికి అయ్యే ఖర్చు అందులో లేదు. అమ్మ తింటున్నది నా లెక్కన 600 కూడా దాటడం లేదు.

సాయంత్రం చీటీ చూపించి ఒక్కో అంకే విడమరిచి చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గుండె కొట్టుకోవడం కూడా ఇందులోనే ఉందా?"

"ఉందమ్మా."

చీటీ మడిచి దిండు కింద పెట్టుకుంది. రాత్రి కంచంలో రెండు ముద్దలే మిగిలాయి.