మావాడి జట్టు ఊరొదిలి పోయింది

ఊరు మారడం మా ఇంట్లో పెద్ద విషయమేం కాదు. నాన్నగారి ఉద్యోగం బదిలీల ఉద్యోగం, చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో మేం చూడని ఊరు లేదు. తర్వాత నేను తెనాలి నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి డల్లాస్, అక్కణ్ణుంచి కాలిఫోర్నియాలో ఈ ఫ్రీమాంట్. మా ఆయన చిట్టా ఇంకా పొడవు. పని ఎక్కడుంటే అక్కడికి పెట్టె సర్దుకోవడమే మాకు తెలిసిన విద్య. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లాడు, ఒక బేస్‌బాల్ జట్టు ఊరు మారి లాస్ వేగస్ పోతోందని తెలిసిన రోజు అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

ఆ జట్టు ఓక్లాండ్ అథ్లెటిక్స్. ఇక్కడ అందరూ ‘ఏస్’ అంటారు. మావాడికి ఆ పిచ్చి పట్టడానికి కారణం నిజానికి మా పొదుపే. వంతెన దాటి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళి జెయింట్స్ ఆట చూడాలంటే నలుగురికీ కలిపి జేబు ఖాళీ. ఏస్ టికెట్లు చవక. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి కొలీజియం స్టేషన్లో దిగితే, పట్టాలమీదుగా పొడవాటి కాలి వంతెన నేరుగా గ్రౌండు గుమ్మం దాకా తీసుకెళ్తుంది. పైగా అక్కడికి బయటి తిండి పట్టుకెళ్ళనిచ్చేవాళ్ళు. జిప్‌లాక్ సంచుల్లో పులిహోర, చేగోడీలు. పక్క సీట్లో డ్రమ్ము పెట్టుకు కూర్చునే పెద్దాయనకి చేగోడీలు ఎంత నచ్చాయంటే, మేం రాని వారం మావాణ్ణి అడిగేవాడట. బంతి దెబ్బకన్నా బంతి కోసం ఎదురుచూడటమే ఎక్కువుండే ఆ ఆట నాకు నిదానంగా వంటబట్టింది. పెన్సిల్‌తో స్కోరు కార్డు నింపడం మావాడు నాకు నేర్పాడు. పదేళ్ళవాడు తల్లికి గురువై కూర్చోవడంలో ఉన్న దర్జా ఎలాంటిదో ఇంట్లో పిల్లలున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

తిరగడంలో ఈ జట్టు మాకేమీ తీసిపోదు. 1901లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. 1955లో కాన్సస్ సిటీకి, 1968లో ఓక్లాండ్‌కి వచ్చింది. చొక్కా చేతిమీద ఏనుగు బొమ్మ ఉంటుంది. 1902లో ఎదుటి జట్టు మేనేజరు జాన్ మెక్‌గ్రా ‘తెల్ల ఏనుగుని కొనుక్కున్నారు, పోషించలేక చస్తారు’ అన్న అర్థంలో ఎగతాళి చేస్తే, ఫిలడెల్ఫియా వాళ్ళు ఆ ఏనుగునే గుర్తుగా పెట్టుకున్నారు. ఓక్లాండ్ వచ్చాక 1972, 73, 74 వరసగా మూడేళ్ళు ‘వరల్డ్ సిరీస్’ అనే ఫైనల్ ఆటల వరస గెలిచారు. 1989లో మళ్ళీ. ఆ ఏడు ఎదుటి జట్టు బే అవతలి జెయింట్స్. మూడో ఆటకి ముందు అక్టోబరు 17న భూకంపం వచ్చి సిరీసే పది రోజులు ఆగింది. 2002లో చాలీచాలని డబ్బుతో వరసగా 20 ఆటలు గెలిచారు. ఇవన్నీ మావాడు పుట్టకముందు కథలు. ఎక్కాలకన్నా ముందు వాడు ఇవే నేర్చాడు.

మరి జనం ఎందుకు రాలేదు? మా ఆయనది సూటి మాట: “జనం రాకపోతే ఏ కొట్టైనా షట్టర్ దించేస్తారు.” లెక్క చూస్తే అదే నిజమనిపిస్తుంది. 2023లో సొంతగడ్డమీద 81 ఆటలకి సగటున పదివేల మంది మాత్రమే. కానీ ఆ లెక్క వెనకాల ఇంకో లెక్క ఉంది. 1995లో రైడర్స్ ఫుట్‌బాల్ జట్టుని వెనక్కి రప్పించడం కోసం గ్రౌండులో ఒక పక్కన కొండంత గ్యాలరీ లేపారు. అంతకు ముందు కనబడే ఓక్లాండ్ కొండలు దానితో మాయమయ్యాయి. అన్ని సీట్లు నిండవని 2006 నుంచి పైవరసలకి టార్పాలిన్లు కప్పారు. మురుగు పైపులు పొంగేవి. గోడల్లో పందికొక్కుల్లాంటి ఒపోసమ్‌లు కాపురం పెట్టాయి. రైడర్స్ చివరికి 2020లో లాస్ వేగస్ వెళ్ళిపోయారు, ఆ కొండ మాత్రం మిగిలింది. బాస్కెట్‌బాల్ వారియర్స్ 2019లోనే శాన్ ఫ్రాన్సిస్కోకి దాటేశారు. ఇక మిగిలిన ఏస్‌లో కాస్త పేరొచ్చిన ప్రతి ఆటగాణ్ణీ జీతం పెరిగే వేళకి ఇంకో జట్టుకి ఇచ్చేసేవాళ్ళు. మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్ ఇద్దరూ 2022 మార్చిలో ఒకే వారంలో వెళ్ళిపోయారు. మావాడి గదిలో పోస్టర్లు ఎప్పటికప్పుడు మారేవి. మంచివాళ్ళని పంపేసి, గ్రౌండు బాగుచెయ్యక, ఆ తర్వాత ఖాళీ కుర్చీలు చూపించి ‘ఈ ఊళ్ళో అభిమానుల్లేరు’ అంటే ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. వంట మానేసి, ఎవరూ తినడం లేదని అలిగే మనిషిని ఏమనాలి?

దీన్లో మా ఫ్రీమాంట్ పాత్ర కూడా కొంచెం ఉంది. 2006లో జట్టు వాళ్ళు కొత్త స్టేడియం కడతామన్నది ఇక్కడే, ఇప్పుడు మేం వారం వారం కాస్ట్‌కోకి వెళ్ళే పసిఫిక్ కామన్స్ దగ్గర. దుకాణాల వాళ్ళు అభ్యంతరం పెట్టారు. వార్మ్ స్ప్రింగ్స్ వైపు అయితే ఎలా ఉంటుందని చూస్తే, ట్రాఫిక్ పెరుగుతుందని అక్కడి ఇళ్ళవాళ్ళు గోల చేశారు. 2009 ఫిబ్రవరిలో ఆ ఆలోచన మానుకున్నారు. తర్వాత శాన్ హోసే అన్నారు. ఆ ప్రాంతం హక్కులు మావంటూ జెయింట్స్ అడ్డుపడ్డారు. శాన్ హోసే కోర్టుకెళ్ళింది. 1922 నాటి తీర్పు వల్ల బేస్‌బాల్‌కి గుత్తాధిపత్య నిరోధక చట్టాలు వర్తించవు, ఆ కవచం ముందు నగరం నిలవలేకపోయింది. ఇదంతా మావాడు ఎక్కడో చదివి వచ్చి “వార్మ్ స్ప్రింగ్స్‌లో వద్దన్నది ఎవరమ్మా, మన ఇండియన్సేనా?” అని నిలదీశాడు. మేం అప్పటికి ఇక్కడికి రాలేదురా బాబూ అని బతికిపోయాను.

2023 జూన్ 13. మంగళవారం. ఏళ్ళ తరబడి అలిగి రాని అభిమానులందరూ ఆ ఒక్క రోజు గ్రౌండు నింపి, ‘మేం ఇక్కడే ఉన్నాం’ అని చూపించాలని పిలుపునిచ్చారు. మామూలు మంగళవారం ఐదారువేలు వచ్చే చోట 27,759 మంది వచ్చారు. బయట పార్కింగులో అభిమానులే ‘సెల్’ అని రాసిన ఆకుపచ్చ చొక్కాలు ఊరికే పంచారు. యజమాని జాన్ ఫిషర్ జట్టుని అమ్మేసి పక్కకి జరగాలని వాళ్ళ కోరిక. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో ఒక్క బ్యాటర్ ఆడినంతసేపు ఎవరూ చప్పుడు చెయ్యలేదు. గ్రౌండులో ఇరవై ఏడువేల మంది ఉండి, బంతి గ్లవ్‌లో పడిన టప్‌మనే శబ్దం పైవరసల దాకా వినబడింది. ఆ తర్వాత ఒక్కసారిగా అరుపులు, డ్రమ్ములు. చేగోడీల పెద్దాయన కొట్టిన కొట్టుడికి నా కాళ్ళకింద సిమెంటు అదిరింది. అప్పటికి లీగ్‌లో అందరికన్నా పైనున్న టాంపా బే రేస్‌ని ఏస్ 2-1తో ఓడించారు కూడా. సరిగ్గా అదే రోజు, లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రపు సెనేట్, అక్కడ ఏస్‌కి కట్టే స్టేడియానికి 38 కోట్ల డాలర్ల దాకా ప్రజాధనం ఇచ్చే బిల్లు పాస్ చేసింది. తిరుగు రైల్లో ఫోన్లలో ఆ వార్త చూసుకుంటూ ఆకుపచ్చ చొక్కాలన్నీ తలలు వంచుకుని కూర్చున్నాయి.

ఆ వారమంతా ఇంట్లో తండ్రీకొడుకులకి వాదనే. మా ఆయన ఉప్పల్ స్టేడియం చుట్టూ పెరిగిన మనిషి. “మా డెక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ కప్పు గెలిచారు. 2012లో జట్టే రద్దయింది. సన్‌రైజర్స్ వచ్చారు, మేం చొక్కా మార్చుకున్నాం. అంతేగా!” అన్నారు. మావాడు వెంటనే, “మీకు పేరు మారింది నాన్నా, ఊరు మారలేదు” అన్నాడు. నేను వంటింట్లోంచి నవ్వాను. ఆయన ఊరుకోలేదు. “నేనూ హైదరాబాద్ వదిలే వచ్చానుగా, తప్పా?” అన్నారు. దానికి వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇంగ్లీషూ తెలుగూ కలగలిపి ఒక మాటన్నాడు: “మీరు వచ్చేటప్పుడు, హైదరాబాద్ వాళ్ళు మంచివాళ్ళు కాదు, అందుకే పోతున్నా అని చెప్పి వచ్చారా?”

ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. కానీ ఆ మాట విన్నాక ఒకటి తెలిసింది. ఇక్కడ మన పెళ్ళిళ్ళలో, సత్యనారాయణ వ్రతాల్లో ఆంటీలందరూ పిల్లల్ని అడిగే మొదటి ప్రశ్న ‘మీ ఊరేది బాబూ?’ తెనాలి అనో హైదరాబాద్ అనో చెప్తాడని వాళ్ళ ఆశ. వాడు “ఓక్లాండ్ పక్కన” అంటాడు. తలబిరుసు జవాబని నేను వాణ్ణి పక్కకి పిలిచి గిల్లేదాన్ని. మేం ఎన్నో ఊళ్ళు దాటుకుంటూ వచ్చాం, ఏదీ పూర్తిగా పట్టుకోలేదు. వాడు ఒకే ఇంట్లో, ఒకే రైలు దారిలో పెరిగాడు. ఊరంటే ఏమిటో మా ఇద్దరికన్నా వాడికే బాగా తెలుసు. అది మేం నేర్పింది కాదు.

ఈ గొడవవల్ల ఇంకో లాభం కూడా కలిగింది. నాన్నగారితో ఫోన్లో మావాడి మాటలు ఎప్పుడూ ‘బాగున్నా తాతయ్యా, తిన్నా తాతయ్యా’ దగ్గరే ఆగిపోయేవి. ఏస్ సంగతి విని నాన్నగారు, “ఓహో, మా రాజధాని బాపతా!” అన్నారు. అదేంటి తాతయ్యా అన్నాడు వీడు. ఇక మొదలు. 2015లో అమరావతి కోసం రైతులు పొలాలివ్వడం, 2019 డిసెంబర్లో మూడు రాజధానుల మాట రావడం, మందడం, తుళ్ళూరు జనం రోడ్డెక్కి కూర్చోవడం. నాన్నగారు ఒక పక్షంవైపు కాస్త గట్టిగానే మొగ్గుతారు కాబట్టి ఆ చరిత్రని ఉన్నదున్నట్టు తీసుకోవద్దని వాడికి తర్వాత చెప్పాననుకోండి. వీడు నెవాడా డబ్బు గురించి చెప్పాడు. “అంటే ఆ స్టేడియం కట్టేది ప్రభుత్వం సొమ్ముతోనా? ఆడేది ప్రైవేటువాళ్ళా?” అని ఆయన గుచ్చిగుచ్చి అడిగారు. ‘ప్రజాధనం’, ‘పన్ను’, ‘యజమాని’ అన్న మాటలు వాడు మొదటిసారి తనంతట తాను వాడాడు. ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు దాటని పిల్లాడు!

2023 నవంబర్లో లీగ్‌లోని 30 జట్ల యజమానులూ ఒక్కటై తరలింపుకి సరేనన్నారు. 2024 ఏప్రిల్లో ఓక్లాండ్‌తో లీజు పొడిగింపు బేరం కుదరకుండా పోయింది. సెప్టెంబర్ 26న ఆఖరి ఆట. గురువారం, మధ్యాహ్నం. బడి ఎగ్గొట్టించాను. తెలుగు తల్లికి ఆ నిర్ణయం ఎంత కష్టమో వేరే చెప్పాలా? వచ్చింది 46,889 మంది. ఆటకి ముందు లాంఛనంగా మొదటి బంతి వేసినవాళ్ళలో ఓక్లాండ్‌లోనే పెరిగిన పాత ఏస్ ఆటగాడు రికీ హెండర్సన్ ఉన్నాడు. ఆ డిసెంబర్లోనే ఆయన పోయాడు. టెక్సస్ రేంజర్స్ మీద 3-2తో గెలిచారు. అయిపోయాక మేనేజర్ మార్క్ కాట్సే మైకు పట్టుకుని జనంచేత ‘లెట్స్ గో ఓక్లాండ్’ అనిపించాడు. గ్రౌండు సిబ్బంది అంచున ఉన్న ఎర్రమట్టి తీసి అడిగినవాళ్ళకి ఇచ్చారు. మావాడు పులిహోర తెచ్చిన సంచీలోనే ఇంత పోయించుకున్నాడు. అది ఇప్పుడు వాడి పుస్తకాల అరలో ఉంది, దుమ్ము దులపడానికి వెళ్తే “అమ్మా, దాన్ని ముట్టుకోకు!” అని కేక. దులిపేదీ మట్టే కదరా అంటే వాడికి నవ్వు రాదు.

ఇప్పుడు జట్టు వెస్ట్ శాక్రమెంటోలో, పద్నాలుగువేల మంది పట్టే చిన్న గ్రౌండులో ఆడుతోంది. పేరులో ఏ ఊరూ లేదు, ఉత్త ‘అథ్లెటిక్స్’. ఆ గ్రౌండు నడిపే వివేక్ రణదివే మన ముంబయి మనిషే. 2013లో శాక్రమెంటో బాస్కెట్‌బాల్ జట్టు సియాటిల్‌కి తరలిపోతుంటే కొని, ఆ ఊళ్ళోనే నిలబెట్టినాయన. ఒక ఊరి జట్టుని కాపాడిన చెయ్యే ఇంకో ఊరి జట్టుకి మజిలీ ఇచ్చిందని మావాడి బాధ. అక్కడా మొదటి ఏడు సగటు హాజరు పదివేలు దాటలేదు. ఆ సంగతి వాడు నాకు చెప్పినప్పుడు మొహంలో కనబడ్డ సంతోషం మంచిది కాదని తెలుసు. అయినా ఏమీ అనలేదు.

2025 జూన్‌లో ఏస్ ఆడిన అదే కొలీజియం గ్రౌండులో మేజర్ లీగ్ క్రికెట్ ఆటలు పెట్టారు. మా ఆయన ఆనందం పట్టలేకపోయారు. వీడు ముభావంగానే వచ్చాడు. కానీ స్టేషన్ దిగగానే మమ్మల్ని నడిపించింది వాడే. ఏ గేటు దగ్గర వరస తక్కువ, ఏ మెట్లెక్కితే నీడ, ఏ కుళాయిలో నీళ్ళు చల్లన. మొదటి ఆటలోనే శాన్ ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ తరఫున ఫిన్ ఆలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు, అందులో 19 సిక్సర్లు, ట్వంటీ20 ఇన్నింగ్స్‌లో అంతకు ముందెవరూ అన్ని కొట్టలేదు. పదో పన్నెండో సిక్సర్ దగ్గర మావాడూ లేచి నిలబడ్డాడు. “ఇది బేస్‌బాల్‌లో కూడా అవుటే కాదు నాన్నా, హోమ్ రన్!” అని తండ్రికి వివరిస్తుంటే, ఆయన మొహం చూడాలి.

ఓక్లాండ్‌లోనే బాలర్స్ అని చిన్న బేస్‌బాల్ జట్టొకటి 2024లో ఆట మొదలుపెట్టింది. వెస్ట్ ఓక్లాండ్‌లోని రైమాండి పార్కులో ఆడతారు. అభిమానులకి కొద్దిపాటి వాటాలు కూడా అమ్మారు. తాతయ్య పుట్టినరోజుకి పంపిన డబ్బు దాంట్లో పెట్టాలని వీడు, రాబడి ఎంతని వాళ్ళ నాన్న. ఆ బేరం ఇంకా తేలలేదు. లాస్ వేగస్ స్టేడియం 2028కి తయారవుతుందంటున్నారు. మా మరిది అక్కడే ఉంటాడు. “మొదటి ఆటకి టికెట్లు నేను చూసుకుంటా వదినా, అందరూ వచ్చెయ్యండి” అని ఇప్పటి నుంచే ఫోన్లు. ఆ మాట వీడి ముందు ఎత్తొద్దయ్యా అని చెప్పాను.