మే సెలవుల్లో గుయ్‌జౌ: డోంగ్ వాళ్లింట్లో బస, ఊళ్ల ఫుట్‌బాల్

చైనాలో ఎంబీబీఎస్ చేస్తున్న మనవాళ్లు సెలవులొస్తే బీజింగ్, షాంఘై అంటారు, తప్పేం లేదు. కానీ అక్కడి ఫ్రెండ్ ఎవరైనా "మా ఇంటికి రా" అని పిలిస్తే మాత్రం అవి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ ఇంటికి వెళ్లండి. నేను గుయ్‌లిన్‌లో చదువుతున్నాను. నాతో ఇంగ్లీష్ మాట్లాడి, నాకు చైనీస్ నేర్పే అమ్మాయిది పక్క రాష్ట్రం గుయ్‌జౌలోని రొంగ్‌జియాంగ్ కౌంటీ. కౌంటీ అంటే మన మండలం కంటే పెద్దది, జిల్లా కంటే చిన్నది అనుకోండి. వాళ్లు డోంగ్ అనే మైనారిటీ జాతివాళ్లు. 2025 మే డే సెలవులకి ఆమె పిలిచింది, వెళ్లాను. ఎలా వెళ్లాలి, ఏమేం చేయించుకోవాలి అని జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి మొత్తం రాస్తున్నా.

ముందు రైలు. గుయ్‌యాంగ్–గ్వాంగ్‌జౌ హైస్పీడ్ లైన్ 2014 డిసెంబర్‌లో మొదలైంది, రొంగ్‌జియాంగ్ ఆ లైన్ మీదే ఉంది, గుయ్‌లిన్ నుంచి పెద్ద దూరమేం కాదు. చైనా రైల్వే వాళ్ల 12306 యాప్‌లో టికెట్లు 15 రోజుల ముందు వదులుతారు, మే సెలవులకి నిమిషాల్లో అయిపోతాయి, అందుకే పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ చాలా ముందే పూర్తి చేసి పెట్టుకోండి.

అసలు టెన్షన్ పోలీస్ రిజిస్ట్రేషన్. హోటల్లో దిగితే వాళ్లే చేసేస్తారు. ఎవరింట్లోనైనా దిగితే 24 గంటల్లోపు మనమో, ఆ ఇంటివాళ్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో చేయించాలి, ఇది చట్టం, ఒక్క రాత్రి ఉన్నా సరే. నేను రైలు దిగేసరికి ఫ్రెండ్ వాళ్ల నాన్న కారుతో నిలబడి ఉన్నారు, ఇంటికి కూడా పోకుండా నేరుగా పోలీస్ స్టేషన్‌కే తీసుకెళ్లారు. నా పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్, ఆయన ఐడీ కార్డు, ఇంటి కాగితాలు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో సర్ది పెట్టుకున్నారు. విదేశీయుల పని రోజూ ఉండే చోటు కాదు కదా, అక్కడ కూర్చున్న ఆయన ఎవరికో ఫోన్ చేసి అడిగి అడిగి నింపారు, చాలాసేపు పట్టింది. అంకుల్ మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మధ్యలో బయటికెళ్లి నాకు సోయా పాలు తెచ్చిచ్చారు. ఆ రిజిస్ట్రేషన్ కాగితాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, తిరిగొచ్చాక కాలేజీలో అడగవచ్చు.

ఇల్లు చెక్క ఇల్లు, కింద వంట, పైన పడకలు. వెళ్లగానే నైనై, అంటే వాళ్ల నానమ్మ, ఆయిల్ టీ పెట్టారు. టీ ఆకును నూనెలో వేయించి, నీళ్లు పోసి మరిగించి, ఉప్పు వేసి, వేయించిన పేలాలు, వేరుశెనగపప్పు పోసిన గిన్నెలో వంచుతారు. ఒక గిన్నె తాగితే ఇంకోటి రెడీ. నేను గొడ్డు మాంసం తిననని ఫ్రెండ్ ముందే చెప్పి ఉంచింది. రొంగ్‌జియాంగ్‌లో పేరున్న వంటకమేమో 'న్యూబియే', ఆవు పొట్టలో సగం అరిగిన గడ్డి రసంతో చేసే కూర. ఇంట్లో మగవాళ్లంతా దాని చుట్టూ కూర్చుంటే, నాకోసం కొత్తగా తోమిన వేరే బాణలిలో చేపల కూర చేశారు. గరిటె కూడా వేరే పెట్టారు. అంత పట్టింపుతో ఉంటారని నేను అనుకోలేదు, మా బంధువుల ఇళ్లలోనే కొన్నిచోట్ల ఇంత చూడరు.

ఆ చేప వరి మడిలో పెంచిన కార్ప్. ఇక్కడి డోంగ్ వాళ్లు వరిలో చేపల్ని, బాతుల్ని కలిపి పెంచుతారు, పక్కనున్న త్సోంగ్‌జియాంగ్ కౌంటీలోని ఈ పద్ధతిని 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది కూడా. పులియబెట్టిన టమాటా, మిరపకాయ గుజ్జులో చేపను ఉడికించి, నిమ్మ వాసన వచ్చే అడవి గింజల నూనె చుక్కలు చుక్కలుగా వేస్తారు. నాలుక మీద పడగానే మా అమ్మ చేపల పులుసే గుర్తొచ్చింది, చింతపండు లేదన్న మాటే గానీ. మూడు రోజులు పులుపు తినకపోతే నడక తడబడుతుందని గుయ్‌జౌలో సామెత ఉంది. ఆ ధైర్యంతోనే బ్యాగులోంచి గోంగూర పచ్చడి సీసా తీశాను. అక్కడ జిగురన్నాన్ని చేత్తోనే ముద్ద చేసుకుని తింటారు. నైనై ఆ ముద్దకి పచ్చడి అద్దుకుని తిని, సీసా తన వైపు జరుపుకున్నారు.

రొంగ్‌జియాంగ్ ఇప్పుడు చైనా అంతటా తెలిసింది ఫుట్‌బాల్ వల్లే. 2023 మేలో 20 ఊళ్ల జట్లతో 'త్సున్‌చావో' మొదలైంది, ఊళ్ల సూపర్ లీగ్ అన్నమాట. టికెట్ లేదు. ఆడేది రైతులు, డ్రైవర్లు, చేపలమ్మేవాళ్లు, బడి పిల్లలు. గెలిచిన జట్టుకి పశువులు, పందులు బహుమతి. మరుసటి ఏడాది బ్రెజిల్ ఆటగాడు కాకా కూడా వచ్చి వెళ్లాడు. ఫ్రెండ్ వాళ్ల బాబాయ్ కొడుకు ఊరి జట్టులో లెఫ్ట్ బ్యాక్. పొద్దున్నంతా వాళ్లమ్మతో కలిసి బండి మీద జ్వెన్‌ఫెన్ అమ్ముతాడు, అంటే బియ్యప్పిండి ఆవిరి మీద పలచగా ఉడికించి చుట్టిన చుట్టలు. సాయంత్రం టేపు చుట్టిన బూట్లేసుకుని గ్రౌండ్‌కి వెళ్తాడు.

మ్యాచ్ రోజు నేను గ్యాలరీలో కూర్చుని చూస్తాననుకున్నా. ఆంటీ, అంటే ఫ్రెండ్ వాళ్లమ్మ, ఒప్పుకోలేదు, ఊరి ఊరేగింపులో నేనూ నడవాలన్నారు. నైనై తన పెట్టెలోంచి డోంగ్ బట్టలు తీసి నాకు కట్టారు. నీలిమందులో మళ్లీ మళ్లీ ముంచి, చెక్క సుత్తితో రోజుల తరబడి కొట్టి కొట్టి మెరిపించిన గుడ్డ అది, వెలుతురు పడితే రాగి రంగు తేలుతుంది, మడత దగ్గర గట్టిగా గరగరలాడుతుంది. సాయంత్రానికి నా మెడంతా నీలం అంటింది. చేతికి జిగురన్నం పళ్లెం ఇచ్చారు. ప్రతి ఊరి ఆడవాళ్లూ కావడి బుట్టల్లో అన్నం, మాంసం, పండ్లు తెచ్చి చూడ్డానికొచ్చిన జనానికి ఊరికే పంచుతారు. నేనూ వరసలు వరసలుగా తిరిగి పంచాను. అంతమంది విదేశీ పిల్ల చేతి అన్నం తీసుకుని నవ్వుతుంటే, నేను ఇక్కడ అతిథిని అన్న సంగతే మర్చిపోయాను.

ఇంక ఆట. డప్పులు, గంటలు, ఇంట్లో వాడే రేకు బేసిన్లు కూడా వాయిస్తున్నారు. మనవాడు కుడి పక్క నుంచి దూసుకొచ్చే ఒక బలమైన కుర్రాడిని పదే పదే అడ్డుకున్నాడు, ఒకసారి జారి పడి మోకాలు చీరుకున్నా లేచి మళ్లీ అదే పరుగు. నైనై కూర్చోలేదు, బేసిన్ కొడుతూనే ఉన్నారు. హాఫ్ టైమ్‌లో మైదానం నిండా డోంగ్, మియావ్ (ఇంకో మైనారిటీ జాతి) ఆడవాళ్ల పాటలు, డాన్సులు. ఓడిపోయాం. అయినా చివర్లో రెండు ఊళ్ల వాళ్లూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని వలయంగా తిరుగుతూ పాడారు, నన్నూ లాగేశారు.

ఇంటికెళ్లాక మోకాలు కడిగి కట్టు కట్టింది నేనే. మెడికల్ స్టూడెంట్‌నని అందరికీ ఆంటీ గర్వంగా చెప్తుంటే భలే అనిపించింది.

అదే ఏడాది జూన్ 24న రొంగ్‌జియాంగ్‌కి వరద వచ్చింది. దులియు నది పొంగి టౌను మునిగింది, మేం తిరిగిన స్టేడియం కూడా నీళ్ల కిందే. ఆ రాత్రి ఫ్రెండ్ ఫోన్ తగిలేదాకా నిద్ర లేదు. ఇంట్లో అందరూ క్షేమమే, కింది గది నిండా బురద, జ్వెన్‌ఫెన్ బండి కొట్టుకుపోయింది. స్టేడియంలో బురద ఎత్తి, గడ్డి సరిచేసి, జూలై నెలాఖరుకి మళ్లీ మ్యాచ్‌లు మొదలుపెట్టారు. వాళ్లు కొత్త బండి కొన్నారు, మొన్ననే ఫొటో పంపింది.