గంటకు ఐదు ఉల్కల కోసం

బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన నా మడత కుర్చీని చూసి ఎక్కడికని అడిగారు. ఉల్కలు చూడటానికని చెప్పాను.

"రాత్రికి ఎన్ని రాలతాయి బాబూ?"

"గంటకు ఐదండీ, అదీ అన్నీ కలిసొస్తే."

"ఐదింటికా ఇంత దూరం!" అని ఆయన కిటికీ వైపు తిరిగారు. కొండ దిగువన బస్సు దిగేదాకా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

ఆగస్టులో కురిసే పెర్సీడ్స్ ఉల్కల వాన అయితే గంటకు వంద దాకా లెక్క చెబుతారు, జనం తరలివస్తారు. జులై చివర కురిసే ఆల్ఫా కాప్రికార్నిడ్స్ కోసం వచ్చేవాళ్లు అరుదు. ఆ ఐదు కూడా, ఉల్కలు వెలువడుతున్నట్టు కనిపించే బిందువు నడినెత్తిన ఉండి, 6.5 ప్రకాశ పరిమాణం (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసకగా ఉంటుంది) చుక్కలు కనిపించే ఆకాశానికి వేసిన లెక్క. మా డాబా మీద నాలుగో పరిమాణం చుక్కలు దొరకడమే గగనం. అందుకే ఇంత దూరం.

తీరా చేరితే, బస చేసిన చోట ప్రహరీ నాలుగు మూలలా ఫ్లడ్‌లైట్లు. ఒక్క రాత్రి ఆర్పమని బతిమాలినా వినలేదు. ఒళ్లు మండిపోయింది. కుర్చీ భుజాన వేసుకుని గుట్ట అవతలికి నడిచాను.

పదకొండుకు మబ్బు విడిపోయింది. అరగంట ఏ వెలుతురూ చూడకుండా కళ్లను చీకటికి అలవాటు చేసుకున్నాను. మకర రాశిలోని ఆల్ఫా చుక్క రెండుగా విడివడి కనిపించింది. మా ఇంటి దగ్గర ఎప్పుడూ ఒక్కటిగానే చూశాను. ఆ జంటను చూడగానే కోపం దిగిపోయింది.

మొదటి గంటలో కాప్రికార్నిడ్స్ సున్నా. అదే రోజుల్లో కురిసే మరో వాన డెల్టా అక్వేరిడ్స్‌వి మూడు మాత్రం కుంభ రాశి వైపు నుంచి చురుక్కుమని గీత గీసి మాయమయ్యాయి. వాటి వేగం సెకనుకు 41 కిలోమీటర్లు. సున్నాను కూడా రాసుకున్నాను. ఖాళీగా గడిచిన గంటలను వదిలేస్తే సగటు తప్పుతుంది.

1:42కు శ్రవణా నక్షత్రం పక్కన ఒక పసుపు చుక్క కదిలింది. మొదట విమానమనుకున్నాను. అభిజిత్తు వైపు తాపీగా జారుతూ, సగం దూరంలో భగ్గుమని గురుగ్రహాన్ని మించి వెలిగింది. రెండు ముక్కలైంది. చిన్న ముక్క వెనకబడి ముందు ఆరిపోయింది, పెద్దది ఇంకాస్త దూరం పాకింది. మూడు సెకన్లు ఉండవచ్చు. దాని దారిని వెనక్కి పొడిగిస్తే సరిగ్గా మకర రాశిలోకి వెళ్లింది. సెకనుకు 23 కిలోమీటర్ల వేగమే కాబట్టి అంత నింపాదిగా, పూర్తిగా చూడనిచ్చింది.

దాన్ని వదిలిన తోకచుక్క 169పి/నీట్. 2002లో కనుగొన్నప్పుడు గ్రహశకలమే అనుకున్నారు. దాదాపు 3,500 నుంచి 5,000 ఏళ్ల కిందట అది సగం పొడైపోయిందని, ఆ ధూళిలో అధికభాగం ఇంకా భూమి దారిలోకి రాలేదని, 2220 తర్వాత ఈ వాన పెద్దదవుతుందని 2010లో ఖగోళ శాస్త్రవేత్తలు జెనిస్కెన్స్, వోబైయాన్ లెక్కగట్టారు. అప్పటివాళ్లు వెనక్కి తిరిగి చూస్తే ఈనాటి లెక్కలు ఉండాలి కదా!

తెల్లవారుజామున మూడున్నర దాకా కూర్చున్నాను. కాప్రికార్నిడ్స్ మొత్తం నాలుగు. చివరిదాని సమయం రాస్తుండగా మంచుకు తడిసిన కాగితం మీద ఒక్కసారి వెలుగు పడింది. తలెత్తేసరికి ఏమీ లేదు. దాని దారి చూడలేదు కనుక లెక్కలో వేయకుండా, సమయం మాత్రం రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.